గుటక

గబ్బిలానికి ఒక ముక్కుంటుందనీ, ఆ ముక్కు మీద ఎన్ని మడతలున్నాయో చూడ్డానికి ఒక మనిషి భోజనం కూడా మానుకుని కూర్చుంటాడనీ త్రిమూర్తులు కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు ఆ ముక్కులే అతనికి అన్నం పెడుతున్నాయి. బండారులంకలో వాళ్ళది తాతల నాటి నుంచీ బట్ట మీద కలంతో బొమ్మలు వేసే ఇల్లు. చిరువేరు ఎరుపు, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరవేసిన నలుపు, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన నూలు గుడ్డ, వెదురు కలం. ఇవి తప్ప అతని చేతికి మరో పని రాదు. దొరల సీమ నుంచి అచ్చు గుడ్డలు ఓడల్లో దిగడం మొదలయ్యాక ఆ బొమ్మలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో, కాలవలు తవ్వించే దొరగారికి బొమ్మలు వేసేవాడొకడు కావాలని కబురొచ్చింది. ఏ రాముడి పట్టాభిషేకమో వేయమంటారని ఆశగా పరిగెత్తాడు. తీరా వెళ్ళి చూస్తే బుట్టలో గబ్బిలాలు!

ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట పడి ఇంకా ఎంతో కాలం కాలేదు. కోనసీమలో ఏ మూల చూసినా మట్టి తట్టలే. త్రిమూర్తులు కొడుకు అప్పలరాజు కూడా గన్నవరం దగ్గర కాలవ కట్టడం పనికి పోయి అక్కడే పాక వేసుకున్నాడు. దొరగారు మాత్రం బోడసకుర్రు రేవుకి వెళ్ళే దారిలో, ఏటి గట్టున గుడారం వేసుకున్నారు. కారణం ఆ పక్కనే ఉన్న పాత గిడ్డంగి. వెనకటికి ఎవరో వర్తకులు ఓడలకెత్తే బట్టల మూటలు అందులో దాచేవారట. ఇప్పుడు సగం కప్పు కూలిపోయి, మిగిలిన సగంలో చీకటి, తడి, గబ్బు. ఆ చీకట్లో కప్పు నిండా గబ్బిలాలు వేలాడుతున్నాయి.

దొరగారి మాటలు తెలుగులో చెప్పే దుబాసీ కామరాజుగారు ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, గిడ్డంగి గుమ్మానికి వీలైనంత దూరంగా పీట వేయించుకుని కూర్చునేవారు.

"ఇవన్నీ ఒకటే కదండీ కామరాజుగారూ? ఒకదాని బొమ్మ వేసేస్తే సరిపోదాండీ?" అని త్రిమూర్తులు మొదటి రోజే అడిగాడు.

"నాకేం తెలుసయ్యా బాబూ! నాకైతే అన్నీ ఒకటే గబ్బు. దొరగారు మాత్రం మూడు రకాలున్నాయంటారు. వీటన్నిటికీ ముక్కు మీద ఆకులాంటి తోలు ఉంటుందట. అలాంటి ఆకుముక్కు గబ్బిలాలు లోకంలో ఇంకా ఎన్ని రకాలున్నాయో ఆయనకే తెలీదట. నువ్వు ముక్కు దగ్గర ఒక్క గీత తప్పు గీసినా రకం మారిపోతుందట. జాగ్రత్త!"

ఆ మాట వేళాకోళమనుకున్నాడు కానీ, వెలుగులో పెట్టి చూస్తే నిజమే. పెద్దది గుప్పెడు ఉంటుంది. దాని ముక్కు చుట్టూ గుర్రపు లాడంలా వంపు తిరిగిన తోలు రేకు, దాని పైన నిలువుగా మరో రేకు, పక్కల ఒకదాని వెనక ఒకటి నాలుగు మడతలు. నడిమి రకానికి మడతలు మూడే. దాని మగవాటికి నుదుటి మీద చిన్న సంచీ, అందులో మైనంలాంటి జిగురు. ఇక చిన్నదుంది చూశారూ, ఒళ్ళంతా పసుపులో సున్నం కలిపిన రంగు, మొహం కన్నా పెద్ద చెవులు, ముక్కు పక్కన ఒక్క మడత కూడా లేదు. అంతవరకూ చీకట్లో నల్లగా ఒకటే ముద్దలా కనిపించినవి, పక్కపక్కన పెట్టి చూసేసరికి ఏ ఊరికా ఊరు మనుషుల్లా వేరైపోయాయి. ఛీ ఛీ అనుకుంటూ మొదలుపెట్టిన త్రిమూర్తులుకి నాలుగో రోజుకల్లా వాటి మీద ఒక రకం ముచ్చట పుట్టింది.

బతికున్నవాటినే వేయాలని దొరగారి పట్టుదల. సారాయి సీసాలో వేస్తే రంగు పోతుంది, ఆ ముక్కు ఆకు ముడుచుకుపోతుంది. అందుకని పొద్దు గుంకే వేళ గుమ్మానికి పాత వల కట్టించి నాలుగైదు పట్టించేవారు. త్రిమూర్తులు గుడ్డపీలిక చుట్టిన ఎడమ చేత్తో వాటిని పట్టుకుని, కుడి చేత్తో గీసేవాడు. అవి నోరు మూసుకునే ఉండేవి. ఆకు మాత్రం క్షణం తెరిపి లేకుండా వణుకుతూ ఉండేది. ఎందుకు వణుకుతుందని అడిగితే దొరగారు కూడా భుజాలెగరేశారు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసరికి, వాకిట్లోకే భార్య వరహాలమ్మ గొంతు వినిపించింది.

"పొద్దు వాలేక పసిగుడ్డు బట్టలు ఆరుబయట ఉంచకూడదని నీకెన్నిసార్లు చెప్పేను? చెప్పేనా, లేదా?"

లోపలి గదిలోంచి కోడలు గంగాదేవి సన్నగా అంది. "నేను పొద్దుండగానే తీసేనండి అత్తయ్యగారూ."

"తీస్తే పిల్లాడిలా ఎందుకైపోతాడు?"

సందె వేళ ఎగిరే పక్షి నీడ పసివాడి గుడ్డ మీద పడితే, ఆ గుడ్డ కట్టిన బిడ్డ నానాటికీ చిక్కిపోతాడనీ, దాన్నే పక్షిదోషమంటారనీ ఆ చుట్టుపక్కల తెలియని ఆడది లేదు. గబ్బిలం నీడైతే మరీ చేటట. పుట్టింటికి పంపేలోగానే నొప్పులొచ్చి ఇక్కడే పుట్టిన మనవడికి నెల దాటింది. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నవాడు ఇప్పుడు తొడల మీద చర్మం మడతలు పడి, ముసలి మొహం వేసుకుని ఉన్నాడు. తల్లికి పాలు లేవా అంటే పైట తడిసిపోయేటన్ని. పోనీ వాడు తాగడా అంటే ఎప్పుడు చూసినా రొమ్ము పట్టుకునే ఉంటాడు. పాలున్నాయి, పిల్లాడు పట్టుకుంటున్నాడు, అయినా ఎండిపోతున్నాడు. అలాంటప్పుడు దోషం కాక మరేమిటి? వరహాలమ్మే కాదు, ఎవరైనా అదే అంటారు.

త్రిమూర్తులు నూతి దగ్గర నిలబడి నెత్తి మీద నీళ్ళు కుమ్మరించుకుంటూ, "ఏమే, నేను రోజంతా ఆ గబ్బిలాలతోనే ఉంటున్నాను కదా. నీడేమిటి, రెక్కలే నా చేతుల్లో ఉంటున్నాయి. దోషం నా వల్ల తగిలిందేమో?" అన్నాడు.

"మగాళ్ళ వల్ల తగలదండి," అని వరహాలమ్మ కొట్టిపారేసింది. "తల్లి అజాగ్రత్త వల్లే తగుల్తుంది. దోషాలు చూసే పెద్దాయన్ని అడిగొచ్చేను. తల్లి గాలి సోకినన్నాళ్ళూ దోషం దిగదన్నారు. బేస్తవారం మా తమ్ముడు రేవు దాటి అవతలికెళ్తున్నాడు. గంగని అప్పనపల్లిలో వాళ్ళ పుట్టింట్లో దిగబెట్టి రమ్మన్నాను."

"పిల్లాడో?"

"పిల్లాడు నా దగ్గరే ఉంటాడు. మేకపాలు పడదాం."

లోపల ఏదో ఇత్తడి గిన్నె కింద పడింది. త్రిమూర్తులు తుండుగుడ్డతో తల తుడుచుకున్నాడు. తల్లి పాలు మాన్పించిన పసివాళ్ళు మేకపాల మీద బతికి బట్ట కట్టడం అతను చూసింది తక్కువ. ఆ మాట అందామనుకున్నాడు. అనలేదు. పురిటింటి సంగతుల్లో మగాడు నోరు పెడితే వరహాలమ్మ ఊరుకోదు. అదొక్కటే కాదు, నిజం చెప్పాలంటే అతనికీ లోపల ఒక అనుమానం ఉంది. చిన్నపిల్ల, తొలి కాన్పు, ఏ నిద్ర మత్తులోనో గుడ్డ మర్చిపోయే ఉంటుంది, అనుకున్నాడు. అనుకుని అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు వలలో ఒక తల్లి గబ్బిలం పడింది. నడిమి రకం. దాని పొట్టకి పిల్ల అంటుకుని ఉంది.

దొరగారు కాలవ గట్టు చూడ్డానికి గుర్రమెక్కుతూ, సాయంత్రానికల్లా తల్లీపిల్లల బొమ్మ కావాలని చెప్పి పోయారు. బుట్ట మూత లోపల పక్కకి తల్లి కాళ్ళు తగిలించి, మూతని గుడారపు కర్రకి కట్టాడు త్రిమూర్తులు. తల్లి తలకిందులుగా వేలాడింది. రెక్కలు పిల్ల చుట్టూ కప్పుకుంది. ఒంటి మీద నూగైనా లేని పిల్ల. వేళ్ళతో రెక్క కొంచెం తప్పించి చూస్తే, పిల్ల తల్లిని ఎదురు దిక్కుగా పట్టుకుని ఉంది. తల్లి తల కిందికుంటే దాని తల పైకుంది. తల్లి కాళ్ళ సందున, పొట్ట కింది భాగంలో రెండు చిన్న మొనలున్నాయి. వాటిలో ఒకదాన్ని నోట కరుచుకుని, కాళ్ళు తల్లి మెడ చుట్టూ పెనవేసి, కళ్ళు మూసుకుని ఉంది.

ఓహో, వీటికి పాలు ఇక్కడన్నమాట అనుకున్నాడు. ఇన్నాళ్ళకి తన చేతికి తెలిసిన బొమ్మ దొరికిందని సంబరపడ్డాడు. యశోద ఒళ్ళో కృష్ణుణ్ణి అతనెన్ని గుడ్డల మీద వేశాడని! పాలు తాగే బిడ్డ బుగ్గ ఎలా ఉబ్బాలో, పెదవి కొస ఎలా వంగాలో కళ్ళు మూసుకుని వేయగలడు. గబ్బిలం పిల్లకి కూడా అలాగే బుగ్గ ఉబ్బించాడు. పెదవి దగ్గర తెల్లటి చుక్క ఒకటి పెట్టాడు. తల్లి రొమ్ము మీద బొచ్చు ఒత్తుగా ఉంది. దాన్ని ఒత్తుగానే గీసి వదిలేశాడు. బొమ్మ దూరంగా పెట్టి చూసుకుంటే తనకే ముద్దొచ్చింది.

దొరగారు వస్తూనే చూశారు. మొదట మొహం విప్పారింది. తరవాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"తప్పు. త్రిముర్తీ, తప్పు! తప్పు!" అన్నారు. ఆయనకి బాగా వచ్చిన తెలుగు మాట అదొక్కటే.

తరవాత ఇంగిలీషులో గడగడా ఏదో అన్నారు. కామరాజుగారు ఉత్తరీయం ముక్కు మీంచి తీసి, ఇబ్బందిగా దగ్గారు.

"ఏమంటున్నారండీ?" అన్నాడు త్రిమూర్తులు. మొహం కందిపోయింది.

"అదేనయ్యా... కింద ఉన్నవి పాలిచ్చేవి కావట. ఉత్తుత్తివట. వాటిల్లో పాల చుక్కుండదట. ఎగిరేటప్పుడు పిల్ల జారిపోకుండా పట్టుకోవడానికే ఉన్నాయట. అసలువి పైన, మనుషులకున్నచోటే, రొమ్ము మీద ఉంటాయట. నువ్వు అవి వేయనేలేదు. ఇది పట్టుకునుందే కానీ తాగడం లేదంటున్నారు."

త్రిమూర్తులు బొమ్మకేసి చూశాడు, గబ్బిలం కేసి చూశాడు. "నోట్లో పెట్టుకునుంది కదండీ?"

"పెట్టుకుంటే తాగినట్టా అంటున్నారు. గొంతు చూడమంటున్నారు."

దొరగారు స్వయంగా వచ్చి పక్కన కూర్చున్నారు. వేలితో రెక్క తప్పించి, పిల్ల మెడ చూపించారు. నూలు దారమంత మెడ. ఎంతసేపు చూసినా అందులో కదలికే లేదు. పట్టు మాత్రం ఉడుంపట్టు. త్రిమూర్తులు కాళ్ళు తిమ్మిరెక్కేదాకా చూశాడు. కామరాజుగారు రెండుసార్లు ఆవలించి, తమలపాకులేసుకోవడానికి వెళ్ళిపోయారు. ఎండ వాలుతుండగా తల్లి ఒళ్ళు విదిలించింది. పిల్ల కిందిది వదిలేసి, రెక్కల మడతలు పట్టుకుని మెల్లగా తిరిగి, తల్లి రొమ్ము దగ్గరికి చేరింది. బొచ్చులోకి మూతి దూర్చింది. అప్పుడు మెడలో చిన్న కదలిక వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. గుటక వెనక గుటక పడుతోంది. చప్పుడు లేకపోయినా అతనికి వినిపించినట్టే అయింది.

దొరగారు నవ్వి అతని వీపు తట్టారు. పాత కాగితం తీసేసి కొత్తది ఇచ్చారు. త్రిమూర్తులు కలం పట్టుకున్నాడు కానీ గీత పడలేదు. నోట్లో పెట్టుకుంటే తాగినట్టా అన్న మాటొకటి బుర్రలో గిర్రున తిరుగుతోంది. ఎప్పుడు చూసినా రొమ్ము పట్టుకునే ఉంటాడని ఇంట్లో పొద్దస్తమానం అంటున్న మాట దానికి వచ్చి తగిలింది.

"ఏమయ్యా, వేయవేం?" అన్నారు కామరాజుగారు వచ్చి.

"ఇంటికెళ్ళాలండీ. రేపు వేస్తానండీ."

"దొరగారేమంటారో!"

"ఏవన్నా అననివ్వండి," అని కలం కడక్కుండానే లేచాడు. ఆ మాట అన్నది తనేనని దారిలో సగం దూరం పోయాక గానీ తెలియలేదు. కలం కడక్కుండా లేవడం కూడా అతని పుట్టుకలో అదే మొదలు.

ఇల్లు చేరాడు సరే. ఇప్పుడేం చేయాలి? గబ్బిలాన్నంటే పట్టుకుని, రెక్క తప్పించి చూడొచ్చు. కోడలు బిడ్డకి పాలిచ్చే గదిలోకి మావగారు తొంగి చూడ్డమా! ఆ అమ్మాయి కాపురానికొచ్చి ఏడాది దాటినా, మొహం ఎలా ఉంటుందో గీయమంటే గీయలేడు. ఎదురుపడితే ఆమె తలుపు చాటుకి తప్పుకుంటుంది, ఇతను పెరట్లోకి తప్పుకుంటాడు. లోకంలో ప్రతిదాన్నీ తేరిపార చూసే బతుకు అతనిది. ఈ ఇంట్లో మాత్రం చూడకుండా ఉండటమే మర్యాద.

పెరటి వైపుకి వెళ్ళాడు. లోపలి గదికి అటుపక్క మట్టిగోడ లేదు, తాటాకు దడే. దానికి ఆనుకుని చతికిలబడి, చెవి దడికి ఆనించాడు.

వరహాలమ్మ పెరట్లోకి వచ్చి ఆ వాలకం చూసి నిలువునా నీరైపోయింది. "ఏవండీ! ఏంటండీ ఆ పని? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? మతి గాని పోయిందా?"

"నోర్ముయ్," అన్నాడు త్రిమూర్తులు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెని అతనంత మాట అనలేదు. ఆమె నిజంగానే నోరు మూసుకుంది. "ఇలా రా. కూర్చో. నువ్వూ విను."

ఇద్దరూ దడి పక్కన కూర్చున్నారు. లోపల గంగాదేవి బిడ్డని పట్టుకుని చిన్నగా లాలి పాడుతోంది. పిల్లాడు రొమ్ము అందుకున్నాడు. టక్కు, టక్కు, అని నాలుక జారిన చప్పుడు. ఊపిరి చప్పుడు. మళ్ళీ టక్కు. కాసేపు ఏమీ లేదు. కాసేపటికి గుక్కపట్టి ఏడుపు. మళ్ళీ అందుకోవడం, మళ్ళీ టక్కు.

"ఏం వినాలండీ? తాగుతున్నాడు కదా!" అంది వరహాలమ్మ గుసగుసగా.

"గుటక ఏదే?"

ఆమె మళ్ళీ చెవి ఆనించింది. అయిదుగురిని కని ముగ్గురిని పెంచిన మనిషి. బిడ్డ పాలు మింగే చప్పుడు ఆమెకి ఒకరు చెప్పాలా? వింటోంది, వింటోంది, వింటూనే ఉంది. మెల్లగా ఆమె చెయ్యి వచ్చి అతని మోకాలిని పట్టుకుంది.

"లేదండీ," అంది. "గుటక లేదండీ. పిల్లాడు మింగటంలేదండీ!"

"అవునే. పట్టుకునున్నాడంతే. వాడికి లోపలికేం పోటంలేదు. దోషమూ లేదు, పక్షీ లేదు. వాడికి ఆకలి."

ఆ ఆకలి అన్న మాటకి వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ పాలకుండ పక్కనే పెట్టుకుని బిడ్డని ఎండగట్టినట్టయింది వాళ్ళ పని. అందులో తప్పు ఎవరిదీ కాకపోవచ్చు, కానీ తిట్లు మాత్రం ఒక్క మనిషికే పడ్డాయి.

మంత్రసాని నూకమ్మ ఇల్లు ఊరవతల, ఏటి ఒడ్డున. త్రిమూర్తులే వెళ్ళి పిలిచాడు. ఆమె పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రావచ్చాండీ?"

"రావమ్మా, అడుగుతావేం?"

"అడక్కపోతే ఎలాగండీ! పురుడు పోసి బొడ్డు కోసినరోజు వచ్చేను. పురిటి స్నానమయ్యేక మళ్ళీ గడప తొక్కనిచ్చేరా? పిల్లాడు చిక్కిపోతున్నాడని ఊరంతా చెప్పుకుంటున్నారు, నన్ను మాత్రం ఒక్కరూ పిలవలేదు," అని సణుగుతూనే లోపలికి నడిచింది. పిల్లాడిని తొడల మీద పడుకోబెట్టుకుని గడ్డం నొక్కింది. వాడు నోరు తెరిచి కెవ్వుమన్నాడు. ఏడుస్తుంటే నాలుక పైకి లేవాలి. లేవలేదు. కొస మధ్యలో నొక్కు పడి, ఎవరో కింద నుంచి దారం కట్టి లాగినట్టు అక్కడే ఉండిపోయింది.

"ఇదిగోనండి మీ పక్షి," అంది నూకమ్మ. "నాలుక కింద తీగ ముందుదాకా అతుక్కుంది. నాలుక చాపలేకపోతే పాలెలా పిండుకుంటాడండీ? చిగుళ్ళతో కరుచుకుని ఉంటాడు, అలిసిపోతాడు, పడుకుంటాడు. అప్పుడే చూద్దును. బొడ్డు కోసే హడావిడిలో నేనూ చూసుకోలేదు, తప్పు నాదీ ఉంది."

చిటికెన వేలి గోరు ఆమె ఎప్పుడూ కత్తిరించదు. ఆ తీగ తెంపడానికి గోరు ఉప్పునీళ్ళలో కడిగి, గంగాదేవిని పిల్లాడి తల పట్టుకోమంది. త్రిమూర్తులు వాకిట్లోకి వెళ్ళిపోయాడు. గబ్బిలాల ముక్కులు గుచ్చి గుచ్చి చూసినవాడికి ఇది చూసే గుండె లేదు. ఒక్క కేక వినపడింది. తరవాత నూకమ్మ గొంతు, "ఏం లేదేం లేదు, చుక్క నెత్తురు. ఊఁ, అందించు తల్లీ."

అతను అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించాడు. ఏడుపు తగ్గింది. మూలుగు. టక్కు అని ఒకసారి. ఇంకోసారి. అప్పుడు వినపడింది. గుటుక్కుమని ఒక్కటి. కాసేపు ఆగి ఇంకొకటి. ఆ తరవాత ఒకదాని మీద ఒకటి, ఆత్రంగా, పొలమారేలా. లోపల వరహాలమ్మ బావురుమంది. నూకమ్మ నవ్వుతోంది. గంగాదేవి గొంతు మాత్రం వినపడలేదు.

తరవాత ఆ ఇంట్లో హడావిడి చెప్పనలవి కాదు. వరహాలమ్మ నూకమ్మని అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది, చీర పెట్టింది. కోడలికి తనే తలంటింది. నా తల్లే, నా బంగారమే అంది. మంచి మనసే ఆమెది, కాదనలేం. తిట్టడానికి ఎంత త్వరపడిందో ముద్దు చేయడానికీ అంతే త్వరపడింది. ఆ రెంటి మధ్యా ఏదో ఒక మాట అనవలసి ఉంది. ఆ మాట మాత్రం ఆమె నోట రాలేదు. త్రిమూర్తులు నోటా రాలేదు.

బేస్తవారం తెల్లారింది. వరహాలమ్మ తమ్ముడు తాతాజీ వీధిలో బండి ఆపి, "ఏమక్కా, ప్రయాణం ఉన్నట్టా, లేనట్టా?" అని కేకేశాడు.

"ఇంకెక్కడి ప్రయాణంరా! లేదు పో, దోషం గీషం ఏం లేదు," అని వరహాలమ్మ నవ్వుతూ బయటికి వచ్చింది.

ఆమె వెనకే గంగాదేవి కూడా వచ్చింది. చంకలో బట్టల మూట ఉంది. రెండో చేతిలో పొత్తిగుడ్డల్లో పిల్లాడున్నాడు. బండి దగ్గరికి నడిచి, మూట లోపల పెట్టింది.

"ఇదేంటే గంగా?"

"వెళ్తానండి అత్తయ్యగారూ. నన్ను పంపుతానన్నారు కదండీ."

"అయ్యో, అది అప్పటి మాటే తల్లీ! ఇప్పుడెందుకు? పైగా ఈ గుడ్డుని ఏరు దాటిస్తావా?"

"వీడికి ఒళ్ళొచ్చేక వస్తానండి. ఆయన గన్నవరం నుంచి వచ్చేక, తీసుకురమ్మని పంపండి. అప్పుడొస్తానండి." గొంతులో కోపం లేదు. కోపముంటే వరహాలమ్మకి జవాబు చెప్పడం తేలికయ్యేది. ఆమె మొగుడి కేసి తిరిగింది. "మీరైనా చెప్పండి! చూస్తూ నుంచుంటారేం?"

త్రిమూర్తులు గుమ్మం దిగి బండి దగ్గరికి వచ్చాడు. "వెళ్ళనీయవే," అన్నాడు. "ఆ పిల్లకి వెళ్ళాలని ఉంది. వెళ్ళనీయి."

రేవు దాకా బండి వెనకే నడిచాడు. గిడ్డంగి పక్కనుంచే దారి. గుడారం ముందు కామరాజుగారు లేచి నిలబడి, "ఏమయ్యా, బొమ్మ?" అని చెయ్యి ఊపారు. వస్తానండీ అన్నట్టు ఇతనూ చెయ్యి ఊపాడు. రేవులో తాతాజీ మూట తీసుకుని ముందుగా పడవెక్కాడు. గంగాదేవి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, బిడ్డని భుజానికెత్తుకుని, నీళ్ళ అంచున ఆగింది. పడవెక్కించడానికి త్రిమూర్తులు చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి అందుకోకుండా అతని మొహంలోకి సూటిగా చూసింది.

"మావయ్యగారూ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగమ్మా."

"గుడ్డ నేను మర్చిపోయేనని మీరూ అనుకున్నారాండీ?"

లేదమ్మా, నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మాట నాలుక కొసదాకా వచ్చింది. అంటే పోయేదేం లేదు. ఎవరికీ తెలిసేది కాదు కూడా. కానీ ఆ పిల్ల కళ్ళు అతని గొంతు మీద ఉన్నాయి. అతను గుటక మింగాడు. ఆమె అది చూసింది.

"అనుకున్నానమ్మా," అన్నాడు.

"ఆయ్," అంది గంగాదేవి.

అప్పుడు అతని చెయ్యి పట్టుకుని పడవెక్కింది.